పదిహేడో నంబరు డబ్బా

ఇరవై గులాబీలు ఒక కట్ట. మొగ్గలన్నీ ఒక్క ఎత్తున ఉండాలి. లిదియా కాడల్ని బల్ల మీద టకటకా తట్టి సమం చేసి, మొగ్గల చుట్టూ అట్ట చుట్టి, కింద రబ్బరు వేసి నీళ్ల బకెట్లో నిలబెట్టింది. గురువారం పొద్దున తొమ్మిది కూడా కాలేదు, అప్పటికే ఇది పదకొండో కట్ట. పూలతోట మేస్త్రీ పాండు బకెట్లు చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఏం చెల్లె, చేతులకు మోటర్ గిట్ల పెట్టించుకున్నవా?"

"దిష్టి పెట్టకు పాండన్నా. మల్ల మంచమెక్కితె నీ పూలే వాడిపోతయ్," అంది లిదియా. అని నవ్వింది కూడా.

నవ్వింది! ఇదొక గొప్పా అని అడిగేవాళ్లు ఆమెను నాలుగు నెలల కింద చూసి ఉండరు. అప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు గుంకేదాకా అటే. దువ్వెన ఇస్తే చేతిలో పట్టుకుని కూర్చునేది. ఏమైందని చిన్న మంగళారం ఊరంతా అడిగింది. ఏమీ కాలేదు. అదే కదా ఎవరికీ మింగుడుపడనిది! మొగుడు నతానియేలు తాగడు, కొట్టడు, చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య ఆటో నడుపుకుని పెందలాడే ఇల్లు చేరతాడు. మరి నీకేం తక్కువైందమ్మా అని ముక్కున వేలేసుకున్నవాళ్లే అందరూ. ఏమీ అడక్కుండా వచ్చి పక్కన కూర్చున్నది ఒక్కతే, ఆడబిడ్డ విజయరాణి.

విజయరాణి నతానియేలుకు అక్క, ఉండేది ఎంకపల్లిలో. మొయినాబాద్ రోడ్డు మీద కొత్తగా వెలసిన మూలికల పరిశోధన సెంటర్లో పొడులు జల్లించి పొట్లాలు కట్టడం ఆమె పని. దిగులు జబ్బుకు అక్కడొక చూర్ణాన్ని పరీక్షిస్తున్నారని తెలిసి లిదియాను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. కాగితాలన్నీ తనే చదివి వినిపించి సంతకం పెట్టించింది. అప్పటినుంచి రోజూ పొద్దున ఆరున్నరకు స్కూటీ మీద దిగుతుంది. గిన్నెలో పెరుగు వేసి, డబ్బాలోంచి ఒక పొట్లం తీసి చింపి, వేళ్లతో కలిపి, "తిను బిడ్డా, నాలుగు ముద్దలే గద," అంటూ ఆఖరి ముద్ద దాకా కదలకుండా కూర్చుంటుంది. మూడు నెలల్లో ఒక్క నాగా లేదు. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు అన్నారు ఊళ్లో. లిదియా కూడా అలాగే అనుకుంది.

ఈ ఆదివారం చర్చి అయ్యాక ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరయ్య ప్రార్థన చేస్తాడు, లిదియా నిలబడి సాక్ష్యం చెబుతుంది, ఆ తర్వాత అందరికీ బగారన్నం, కోడికూర. షామియానా వాళ్లకు చెప్పడం కూడా అయిపోయింది.

మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి గడప మీద అరుణజ్యోతి కూర్చుని ఉంది. విజయరాణి ఒక్కగానొక్క కూతురు, ఇరవై రెండేళ్లది. డిగ్రీ ఆఖరు పరీక్షలు రాయకుండా వదిలేసి ఆరు నెలలుగా గది దాటడం లేదు. లిదియాతోపాటే, అదే రోజు, ఆ చూర్ణం పరీక్షలో ఆమె పేరూ రాయించారు. చున్నీ తిరగేసి వేసుకుంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు.

"ఎట్లొచ్చినవే బిడ్డా, గీ ఎండల?"

"నడిచొచ్చిన అత్తమ్మా."

"ఎంకపల్లి సంది నడిచా! ఓరి దేవుడా!"

లిదియా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. పిల్ల తాగలేదు, చెంబు పట్టుకుని కూర్చుంది. అలా పట్టుకుని కూర్చోవడమేమిటో లిదియాకు బాగా తెలుసు.

"అత్తమ్మా, నీ మందు డబ్బా నాకిస్తవా? నాది నువ్వు తీస్కో." కవరులోంచి తెల్ల డబ్బా తీసింది. దాని స్టిక్కరు మీద 41 అని ఉంది. "నాకిది పని చేస్తలేదు. నీకు చేసింది గద. నీ దాంట్ల ఏదో సత్తువున్నది."

"ఒకటే మందు గదనే."

"ఏమో. నీది గూడ తిని చూస్త. గది గూడ పని చెయ్యకుంటె ఇగ నేను బాగుగాను. గంతే."

గంతే అన్నప్పుడు గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఉంటే బాగుండేదనిపించింది లిదియాకు. చక్కెర, చాపత్త చేబదులు అడిగితే లేదనే ఇల్లు ఆ ఊళ్లో ఉండదు. మందు మాత్రం మార్చుకోకూడదని ఎవరికి తోస్తుంది? అల్మారాలోంచి తన పదిహేడో నంబరు డబ్బా తీసి పిల్ల చేతిలో పెట్టి, నతానియేలుకు ఫోన్ చేసి ఆటోలో దింపి రమ్మంది.

శుక్రవారం పొద్దున విజయరాణి ఎప్పటిలాగే వచ్చింది. ఆదివారం వంటకు ఎన్ని కోళ్లు కావాలో మాట్లాడుతూనే అల్మారా తెరిచింది. చేయి అలవాటుగా డబ్బా మీదికి పోయింది, పొట్లం చింపింది, పెరుగులో వంచి వేళ్లు పెట్టి కలిపింది. నడిమధ్యలో వేళ్లు ఆగాయి. గిన్నె ఎత్తి వాసన చూసింది. డబ్బా తిప్పి నంబరు చూసింది.

"ఇది ఇక్కడికెట్లొచ్చింది?"

"నిన్న జ్యోతి వచ్చి మార్చుకపోయింది వదినె. పాపం, నడుచుకుంట..."

"మార్చుకునుడేంది! ఎవలది వాళ్లే తినాలె. నంబర్లు తారుమారైతె నా నౌకరీ ఉంటదా?" గిన్నె పట్టుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో గుమ్మరించింది.

లిదియా బిత్తరపోయింది. గుక్కెడు మజ్జిగ మిగిలితే గిన్నె తొలిచి తాగే మనిషి, పెరుగు మట్టిలో పోసింది!

"సరే వదినె, కోపం జెయ్యకు. ఇయ్యాల నేను సెంటర్‌కు రావాలె గద, అప్పుడు పట్టుకొస్త."

"వద్దు! అక్కడికి తేకు. గేటు కాడ సంచులు చూస్తరు. సాయంత్రం నీ డబ్బా నేనే తెస్త. అప్పటిదాక దీన్ని ముట్టకు." చెయ్యి కడుక్కోకుండానే స్కూటీ ఎక్కింది.

ముట్టకు అంటే ముట్టాలనిపించదా మనిషికి? చింపిన పొట్లం అడుగున కొంచెం పొడి మిగిలి ఉంది. లిదియా వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. అబ్బ! కటిక చేదు. ముక్కుకు ఘాటెక్కి రెండు తుమ్ములు వచ్చాయి. మూడు నెలలుగా తను తిన్నది ఇలా లేదు. అది వేయించిన పిండిలా చప్పగా ఉండి, చివర్న కాస్త చేదు తగిలేది.

డబ్బాను చేతిలోకి తీసుకుని స్టిక్కరు మీద బొటనవేలు రాసింది. పూల పెట్టెల మీద పాత స్టిక్కరు ఉండగానే కొత్తది అంటించడం తోటలో రోజూ చేసే పని. రెండు పొరలుంటే వేలికే తెలిసిపోతుంది. తడిగుడ్డ అద్ది, కాసేపాగి, గోటితో అంచు లేపింది. 41 కింద 17 ఉంది.

కాసేపు ఆ రెండంకెల్నీ చూస్తూ నిలబడింది. అంటే ఇన్నాళ్లూ జ్యోతి తిన్నది తన డబ్బాలోది. మరి తను తిన్నది ఎవరిది? ఎవరు అంటించారు? ఆ ఇంటికీ ఈ ఇంటికీ డబ్బాలు తెచ్చి ఇచ్చేది ఒక్కరే. అయినా మనసు ఒప్పుకోలేదు. సెంటర్లోనే ఏదో పొరపాటు జరిగి ఉంటుందిలే అనుకుంటూ నతానియేలు ఆటో ఎక్కింది.

సెంటర్లో ఇచ్చిన చిన్న సీసాలో మలం నమూనా పట్టుకుపోవాలి. మొదటిసారి ఆ సీసా ఇచ్చినప్పుడు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది, ఇప్పుడు అలవాటైంది. డాక్టర్ మేఘ, సిటీ నుంచి వచ్చే చిన్న డాక్టరమ్మ, సీసాను ఐసు పెట్టెలో పెట్టి ప్రశ్నల కాగితం తీసింది. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, బతుకు మీద విరక్తి కలుగుతోందా. జవాబులు కూడి కాగితం తిప్పి చూపించింది.

"ఇరవై ఒకటి నుంచి ఆరుకు దిగింది లిదియా గారూ! ఇంత మార్పు ఇక్కడ ఎవరిలోనూ రాలేదు తెలుసా?"

"డాక్టరమ్మా, ఒకటడుగుత. అందరికి మందే ఇస్తున్నరా?"

మేఘ కలం కింద పెట్టింది. "సగం మందికే. కాగితంలో మూడో పేజీలో ఉంది కదండీ. సగం మందికి చూర్ణం, మిగతా సగానికి అదే రంగులో ఉండే పిండి. ఎవరికి ఏది వెళ్తుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. చీట్లు తీసినట్టు కంప్యూటర్ నంబర్లు వేస్తుంది. విజయరాణి గారు చదివి వినిపించలేదా?"

"వినిపించింది," అంది లిదియా. మూడో పేజీ మాత్రం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. ఆ సంగతి ఎందుకో బయటికి రాలేదు.

"మరి పిండి తిన్నోళ్లకు గూడ బాగైతదా?"

"కొందరికి అవుతుంది. నమ్మకంతో తింటారు, వేళకు కడుపులో ఇంత పెరుగు పడుతుంది, ఎవరో ఒకరు పలకరిస్తారు. అందుకే రెండు గుంపుల్నీ పోల్చి చూస్తాం. మన పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో మంచివి పెరిగితే మెదడుకు కూడా మేలు జరుగుతుందని అంటున్నారు. ఈ మూలిక వాటిని పెంచుతుందేమో అని మా ఆశ. ఆశే, ఇంకా రుజువు కాలేదు." మేఘ ముందుకు వంగింది. "అనకూడదు గానీ, మీకు వచ్చింది మందేనని నాకు లోలోపల అనిపిస్తోంది."

లిదియా కుర్చీ అంచుకు జరిగింది.

"మందు తిని గూడ బాగుగానోళ్లు ఏం జెయ్యాలె?"

"వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి పోవాలి. అస్సలు ఆలస్యం చెయ్యకూడదు. వేరే మంచి మందులు చాలా ఉన్నాయి. అది కూడా మూడో పేజీలోనే ఉంది."

బయటికి వస్తుంటే అద్దాల గదిలో విజయరాణి కనిపించింది. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతిలో జల్లెడ. ఎదురెదురుగా రెండు నీలం డ్రమ్ములు. లిదియా అద్దం దగ్గర చాలాసేపు నిలబడింది. విజయరాణి ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అప్పుడు మనసు ఒప్పుకుంది.

ఆ సాయంత్రం డబ్బా తెస్తానన్న విజయరాణి రాలేదు. శనివారం పొద్దున ఆరున్నర అయింది, ఏడయింది. స్కూటీ చప్పుడు లేదు. లిదియా గోడవైపు తిరిగి పడుకుని ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఎదురుచూసింది. ఛీ, ఎంత సిగ్గులేని ప్రాణం! మోసం చేసిందని తెలిసి కూడా ఆమె రావాలనే కొట్టుకుంటోంది. ఒళ్లంతా మళ్లీ తడి ఇసుక నింపినట్టు బరువెక్కింది. నతానియేలు చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు.

"పనికి పోతలేవా? మల్ల మొదలైందా ఏంది?" భయంభయంగా అడిగాడు.

ఆ "మల్ల" అనే మాట చెవిలో గుచ్చుకుంది. మళ్లీ అదే గోడ, అదే మంచం. లేదు, ఈసారి పడుకునేది లేదు. కోపమే ఆమెను లేపి కూర్చోబెట్టింది. ముఖం కడుక్కుని, డబ్బాను సంచిలో పెట్టి, "నన్ను ఎంకపల్లిల దింపు," అంది.

విజయరాణి వాకిట్లో పీట మీద కూర్చుని కూడిక వంటకు వెల్లుల్లి ఒలుస్తోంది. చేట నిండా పాయలు. లిదియా డబ్బా తీసి చేట పక్కన పెట్టింది. సగం ఊడిన స్టిక్కరు కింద 17 కనిపిస్తోంది. విజయరాణి దాన్ని చూసింది. చేతులు ఒలవడం ఆపలేదు.

"మెల్లగ మాట్లాడు. బిడ్డ లోపల పండుకున్నది."

"మందు నాకొచ్చింది. నువ్వు నాకు పిండి తినిపించినవ్."

"జల్లించేది నేను. ఏ డ్రమ్ముల ఏమున్నదో నా ముక్కుకు తెల్వదా? నంబర్ల కాగితం గూడ చూసిన. నీకు మందు పడ్డది, నా బిడ్డకు పిండి పడ్డది. నా కడుపున పుట్టింది గద లిదియా. నువ్వు నా జాగల ఉంటె ఏం జేస్తుంటివి?"

"నాకు చెప్తుంటి. నువ్వు అడిగితె నేనే ఇస్తుంటి వదినె! జ్యోతికే పెట్టు అని నా నోటితో నేనే అంటుంటి. నన్ను అడిగినవా?"

విజయరాణి పొట్టు ఊదింది. గొంతు గట్టిపడింది. "అయితె నీకేం తక్కువైంది? లేచి తిరుగుతున్నవ్, పూలు కోస్తున్నవ్. నా బిడ్డ అసలు మందు తిని గూడ అట్లనే పడి ఉన్నది. దేవుడు నన్ను కొట్టనే కొట్టిండు. ఇంకేం గావాలె నీకు?"

నిజమే, లెక్కకు చూస్తే ఏం పోయింది? పిండితోనే లేచింది. పిండితోనే నవ్వింది. మరి ఈ మంట ఎందుకు?

"నేను తిన్నది మందని కాదు వదినె, నువ్వొచ్చినవని," అంది లిదియా. "అందరు నన్ను చూసి ముక్కు మీద ఏలేసుకుంటె, ఒక్క మనిషి నా దిక్కున్నది అనుకున్న. గందుకే లేచిన. నాకు కలిపి పెట్టిన చెయ్యికి అంతా తెలుసు. తొంభై పొద్దులు తెలుసు. తెలిసి గూడ తిను బిడ్డా అన్నవ్. నిన్నటి సంది నాకు మల్ల లేవబుద్ధయితలేదు. నువ్వు మందు తీసుకున్నవ్, సరే. బాగైన దాన్ని గూడ తీసుకున్నవ్ గద!"

ఇప్పుడు ఆగాయి విజయరాణి చేతులు.

"రేపు అందరి ముంగట చెప్తవా?" అడిగింది. "నన్ను ఉమ్మేస్తె ఉమ్మేయని. గాని బిడ్డ ఇంటది. తను తిన్నదే అసలు మందని తెలిస్తె ఇగ అది దక్కుతదా? ఆలోచించు."

బిడ్డను అడ్డం పెట్టుకుంటోంది! లిదియాకు చెయ్యెత్తాలన్నంత కోపం వచ్చింది. అంతకంటే పెద్ద కోపం, ఆ మాట నిజం కావడం. ఇంకొక్క మాట మాట్లాడకుండా ఆటో దగ్గరికి నడిచింది.

ఆదివారం షామియానా కింద అరవై డెబ్బై మంది జనం. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. ఆడవాళ్ల వరస చివర్న అరుణజ్యోతి చాప అంచు మీద ముడుచుకుని కూర్చుంది. లిదియా నీళ్లు ఇస్తూ వంగినప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది.

"అత్తమ్మా, మూడు దినాలు తిన్న నీది. ఏం తేడా లేదు."

అంతే చెప్పి చెయ్యి వదిలేసింది.

"ఇప్పుడు మన సహోదరి లిదియా తన సాక్ష్యం చెబుతుంది," అన్నాడు పాస్టరయ్య.

లిదియా లేచి నిలబడింది. ముందు వరసలో విజయరాణి బైబిల్ రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తోంది. రాత్రంతా లిదియా మనసులో కూడబలుక్కున్న మాటలు ఉన్నాయి. ఈమె నా నోటికాడి మందు తీసి తన బిడ్డకు పెట్టుకుంది, తొంభై రోజులు నన్ను నమ్మించి పిండి తినిపించింది. ఒక్క ఊపిరిలో చెప్పెయ్యొచ్చు. చెబితే ఈ ఊళ్లో విజయరాణి ముఖం చూసేవాళ్లు ఉండరు. చెప్పాలని నోరు తెరిచింది కూడా. చివరి వరసలో పిల్ల చాప అంచులోంచి ఒక్కొక్క పుల్ల పీకుతోంది.

"ప్రభువు నామానికి స్తోత్రం," అంది లిదియా. "నేను ఎట్ల బాగైన్నో నాకు తెల్వది. మందుతోటో, పెరుగుతోటో, మీ ప్రార్థనతోటో తెల్వది. తెల్వనిది తెలుసని చెప్పి దేవుని ముంగట అబద్ధమాడను. ఒక్కటి తెలుసు. మూడు నెలలు ఒక మనిషి రోజూ పొద్దుగాల వచ్చి నాకు తినవెట్టింది. ఆమెను నమ్మి నేను తిన్న."

తలలన్నీ విజయరాణి వైపు తిరిగాయి. "ఆడబిడ్డంటె గిట్లుండాలె," అంది ఒక ముసలామె. ఆమేన్ అన్నారు నలుగురు. విజయరాణి కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం పట్టలేక అనుకున్నారు.

"ఇంకో మాట," అంది లిదియా. గొంతు పెంచింది. "ఒక మందు ఒకరికి పడ్తది, ఇంకొకరికి పడది. పడకుంటె ఆ మనిషి తప్పు గాదు. ఇంకా వేరే మందులున్నయ్, డాక్టరమ్మనే చెప్పింది. రేపు నేను మా జ్యోతిని సిటీల మనసు డాక్టర్ కాడికి తోల్కపోతున్న. చాటుకు గుసగుసలు ఎందుకని ముంగటనే చెప్తున్న. పిచ్చి దవాఖాన అంటరా, అనుండ్రి. పోయేటోళ్లం ఇద్దరం. నా పేరు గూడ రాయిస్త."

ఎవరూ ఆమేన్ అనలేదు. నతానియేలు బిక్కముఖం వేసుకుని చూశాడు. పాస్టరయ్య రెండుసార్లు దగ్గి, ప్రార్థన చేసుకుందాం అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నాక కూడా అరుణజ్యోతి కళ్లు తెరుచుకునే ఉంది. లిదియానే చూస్తోంది.

వడ్డనకు అన్నం తోడుతుంటే విజయరాణి వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. లిదియా చెయ్యి పట్టుకుంది.

"నా పరువు నిలబెట్టినవ్. నీ కాళ్లు మొక్కుత బిడ్డా. నన్ను క్షమించినవ్, నాకు అది చాలు."

లిదియా తన చెయ్యి విడిపించుకుని గరిటె అందుకుంది. "నీ పరువు నాకెందుకు? పిల్ల ముంగట నాకు నోరు రాలే. నువ్వు రేపు డాక్టరమ్మ కాడికి పొయ్యి నంబర్లు మార్చిన సంగతి నీ నోటితోనే చెప్పాలె. చెప్పకుంటె ఎల్లుండి నేను చెప్త."

"నౌకరీ పోతది లిదియా."

"పోతె పోనీ."

విజయరాణి కళ్లు తుడుచుకుంది. "పొద్దుగాల వచ్చి నీకు పెరుగు..."

"రావొద్దు. నా పెరుగు నేను కలుపుకుంట. కలుపుకోబుద్ధి కాకుంటె డాక్టర్‌కు చెప్పుకుంట. నీ చెయ్యి మాత్రం వద్దు." బగారన్నం గిన్నె నడుముకు ఆనించుకుని, మోచేత్తో తలుపు తోసింది లిదియా. "బయట వాళ్లకు చెప్పింది బయట వాళ్లకే వదినె. నేనింకా క్షమించలే. పొద్దుగాల ఆరింటికల్ల ఆటో వస్తది, బిడ్డను తయారు చేసి పంపు."